వందకి వందొచ్చినా ఆగనివాడు

‘మీ నిర్ణయాలే కథని నడిపిస్తాయి’ అని ఏ వీడియో గేము అట్ట మీద కనపడినా నాకు చీరల షాపు ముందు వేలాడే ‘స్టాకు ఉన్నంతవరకే’ బోర్డు గుర్తొస్తుంది. నిర్ణయాలూ లేవు, గాడిదగుడ్డూ లేదు. ఎవరో నాలుగేళ్లు కూర్చుని ముందే రాసిపెట్టిన నాలుగు దారుల్లో మనం ఒకటి నొక్కుతాం. రెండు మలుపులు తిరిగేసరికి ఆ నాలుగూ వచ్చి ఒకే రోడ్డులో కలుస్తాయి. కలవకపోతే కుదరదు కూడా. ప్రతి మలుపు దగ్గరా దారి రెండుగా చీలుతూ పోతే పది మలుపులకి 1,024 కథలు తయారుచెయ్యాలి. ఏ కంపెనీ దగ్గరా అంత బడ్జెట్ ఉండదు. మనం రోజూ చేసేదీ అదేగా - ఎన్ని ఇఫ్‌లూ ఎల్స్‌లూ పెట్టినా, చివరికొచ్చేసరికి అన్నీ ఒకే రిటర్న్ దగ్గర తేలతాయి.

ఇంత చిన్నచూపున్నవాడు ఆడటం మానెయ్యొచ్చుగా అంటారేమో. మానలేదు. ఇరవయ్యేళ్లుగా రోల్ ప్లేయింగ్ గేములంటే పడిచస్తూనే ఉన్నాను. కారణం కథ కాదు, కథలో మన వెంట నడిచే జనం. లోకాన్ని కాపాడటం ఎలాగూ తప్పదు. అది మొదటి అరగంటలోనే ఖాయమైపోతుంది. ఆ కాపాడే వేళకి మన పక్కన ఎవరు మిగులుతారు అన్నది మాత్రం కొన్ని ఆటల్లో, కొన్నిచోట్ల, నిజంగానే మన చేతుల్లో ఉంటుంది. నా ఉద్దేశంలో ఈ తరహా ఆటల్లో నిర్ణయం అనదగ్గది ఏదన్నా ఉంటే అదొక్కటే.

(హెచ్చరిక: కింద కొన్ని ఆటల గుట్టు మొత్తం విప్పేస్తున్నాను. అన్నీ పాతవే. ఇన్నేళ్లలో ఆడనివాళ్లు ఇక ఆడరనే ధైర్యం!)

ఆటలవాళ్లు లాయల్టీ అంటారే, దానికి తెలుగులో సరైన మాట నాకింకా దొరకలేదు. విశ్వాసం అంటే కుక్క గుర్తొస్తుంది. విధేయత అంటే సెలవు చీటీ చివర ‘ఇట్లు తమ విధేయుడు’ గుర్తొస్తుంది. స్వామిభక్తి అంటే ఇంకేముంది, హనుమంతుడు. ఈ మూడింటినీ కలిపి, దంచి, ఒక అంకె చేసి తెర మీద పెట్టటం ఆటల ఘనత. 2009లో బయోవేర్ వాళ్లు తెచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో ఈ అంకె మైనస్ 100 నుండి ప్లస్ 100 దాకా ఉంటుంది. నువ్వో బిచ్చగాడికి సాయం చేస్తే అలిస్టర్ అనేవాడు సంతోషిస్తాడు, మోరిగన్ అనే ఆవిడ మూతి ముడుస్తుంది. ఒకరికి ప్లస్, ఒకరికి మైనస్. పర్లేదు, మైనస్ పడినవాళ్లకి బహుమతులిచ్చి బుజ్జగించే ఏర్పాటుంది. మోరిగన్‌కి నగలిస్తే సరి. అలిస్టర్‌కి చిన్న చిన్న బొమ్మలంటే ఇష్టం. ఎవరికేది నచ్చుతుందో కనిపెట్టి దారిలో దొరికినవన్నీ ఏరి సంచిలో వేసుకుని, రాత్రి బసలో పంచటమే. అప్రైజల్ ముందు నెలలో మేనేజర్లు టీముని బిర్యానీకి తీసుకెళ్లినట్లు.

ఈ పద్ధతి మీద నాకున్న ఫిర్యాదు అది అబద్ధమని కాదు. నిజ జీవితంలోనూ చాలా స్నేహాలు ఇలాగే నడుస్తాయి. అయితే ఇందులో లెక్క మొత్తం ఇద్దరి మధ్యే ఉంటుంది. నేను నీకేం చేశాను, నువ్వు నాకేం చేశావు. ఖాతా పుస్తకం.

ఆ ఖాతా పుస్తకాన్ని పరాకాష్ఠకి తీసుకెళ్లింది అదే బయోవేర్ వాళ్ల ‘మాస్ ఎఫెక్ట్ 2’. 2010 జనవరిలో వచ్చింది. కమాండర్ షెపర్డ్‌గా మనం గెలాక్సీ అంతా తిరిగి ఓ జట్టుని పోగేసి, తిరిగిరావటం అనుమానమేననే ఓ యుద్ధానికి తీసుకెళ్లాలి. మొత్తం ఆటంతా చివరి రెండు గంటల కోసం మనుషుల్ని సమకూర్చుకోవటమే. జట్టులో ఒక్కొక్కరికీ ఒక్కో సొంత గొడవ. అది తీర్చిపెడితే వాళ్లు మనకి ‘లాయల్’ అవుతారు. తమాషా ఏమిటంటే ఈ గొడవల్లో సగం ఇంటి గొడవలే. మిరాండాకి తండ్రితో పేచీ. జేకబ్‌కీ తండ్రితోనే. టాలికీ అంతే. థేన్‌కి కొడుకు దారి తప్పాడని బెంగ, సమారాకి కూతురితో తంటా. అంతరిక్షంలో అంతదూరం వెళ్లినా పెద్దమనుషుల పంచాయితీ తప్పలేదన్న మాట.

చివరి యుద్ధంలో ఎవరు బతుకుతారో తేల్చే పద్ధతి మాత్రం చదవముచ్చటగా ఉంటుంది. ఆటలో ఎక్కడా చెప్పరు. ఆడేవాళ్లే తవ్వి తీశారు. ఆఖరి పోరుకి ఇద్దర్ని వెంట తీసుకెళ్లి మిగతావాళ్లని వెనక కాపలాకి వదులుతామా, ఆ వదిలినవాళ్లలో ఒక్కొక్కరికీ ఒక అంకె. గ్రంట్, గారస్, జయీద్‌లకి నాలుగేసి. టాలి, మోర్డిన్, జాక్‌ లాంటి వాళ్లకి ఒకటి. మిగిలినవాళ్లకి రెండు. లాయల్ కాకపోతే ఒకటి కోత. అందరివీ కూడి, తలల లెక్కన భాగిస్తారు. జనం సరిపడా ఉండి సగటు రెండుకి తగ్గకపోతే అందరూ క్షేమం. లేదంటే బలహీనుల నుండి మొదలుపెట్టి రాలిపోతారు, అందరికన్నా ముందు పాపం మోర్డిన్. అందుకే తెలిసినవాళ్లు మోర్డిన్‌ని అంతకు ముందే, విడిపించిన సిబ్బందికి తోడుగా వెనక్కి పంపేస్తారు. ముసలాయనా బతుకుతాడు, ఇక్కడి సగటూ పెరుగుతుంది. బెల్ కర్వు బారిన పడ్డ ప్రతివాడికీ ఈ కిటుకు చూడగానే అర్థమైపోతుంది.

ముచ్చటేసినా, ఇక్కడే నాకు ఆట మీద మోజు కాస్త తగ్గింది. లెక్క తెలిశాక ఇక భయమేముంది? ఓడకి కవచం వేయించు, ఫిరంగి మార్పించు, అందరి ఇంటి గొడవలూ తీర్చు, సరైన వాణ్ని సరైన చోట పెట్టు, అందరూ బతుకుతారు. పని జాబితాలో టిక్కులు కొట్టుకుంటూ పోవటమే. అదే సిరీస్‌లో 2007లో వచ్చిన మొదటి ఆటలో వర్మైర్ అనే గ్రహం మీద యాష్లీ, కైడన్‌లలో ఒక్కరినే కాపాడగలం. ఎంత శ్రద్ధగా ఆడినా ఇంకొకరు పోతారు. తిట్టుకుంటాం, కానీ పదేళ్ల తర్వాత కూడా ఎవర్ని వదిలామో గుర్తుంటుంది. రెండో భాగంలో అందర్నీ ఇంటికి తెచ్చినవాణ్ని అడగండి, ఏం గుర్తుందో.

నిజానికి రెండో భాగంలోనూ ఒక ఆణిముత్యం ఉంది. టాలి మీద ఆమె జాతివాళ్లే రాజద్రోహం కేసు పెడతారు. ఆమె తరఫున వాదించాల్సింది మనం. రుజువుల కోసం వెళితే అసలు నేరం చేసింది ఆమె తండ్రి అని బయటపడుతుంది. ఆయన అప్పటికే చచ్చిపోయుంటాడు. ఆ కాగితాలు చూపిస్తే టాలి నిర్దోషిగా బయటికొస్తుంది. కానీ ఆమె బతిమాలుతుంది, నాన్న పేరు చెడగొట్టొద్దని, వెలేసినా పర్లేదని. చూపిస్తే ఆమె నిలబడుతుంది, కానీ మనల్ని క్షమించదు. దాస్తే ఆమెని దేశం లేనిదాన్ని చేస్తారు, అయినా మన మీద నమ్మకం పోదు. తప్పుచేసిన తండ్రి, ప్రయోగాల్లో చచ్చిన జనం, కూతురి మాట, మన మాట... మొదటిసారి ఆడినప్పుడు లేచెళ్లి కాఫీ పెట్టుకొచ్చి మరీ ఆలోచించాను.

తీరా వచ్చి చూస్తే తెర మీద ఎడమ పక్కన నీలం రంగు అక్షరాలు! ఆటంతా మంచివాడిగా ఉంటూ తగినన్ని పాయింట్లు కూడబెట్టుకున్నవాళ్లకి ప్రత్యేకమైన డైలాగు అది. నొక్కగానే షెపర్డ్ నాలుగు ఆవేశపూరితమైన ముక్కలు మాట్లాడతాడు, సభ కరిగిపోతుంది, రుజువులు చూపించక్కర్లేదు, వెలివేత లేదు, తండ్రి పరువూ దక్కింది. అంత చక్కటి చిక్కుముడిని వేసి, పక్కనే కత్తెర పెట్టారు. రాసినవాళ్లకి చెయ్యి రాలేదా, లేక కొన్నవాళ్లు నొచ్చుకుంటారని జడిశారా తెలియదు. నా మటుకు నాకు ఆ నీలం అక్షరాలు లంచంలా కనిపిస్తాయి. మొదట్నుంచీ మంచిగా ఉన్నావు కదా, ఇదిగో, ఈసారికి ఏమీ పోగొట్టుకోనక్కర్లేదు అని.

ఖాతా పుస్తకం పద్ధతిలోని ఘోరాన్ని అందరికన్నా ముందే పసిగట్టిన ఆట ఒకటుంది: 1999 నాటి ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’. అందులో మనకి చావు లేదు. చచ్చినప్పుడల్లా గతం మర్చిపోయి మళ్లీ లేస్తాం. డాకాన్ అనే యోధుడు వెంటే ఉంటాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఎందుకింత నమ్మకంగా ఉన్నాడో చాలాసేపటి వరకూ తెలియదు. తీగ లాగితే తేలేదేమిటంటే, ఎప్పుడో మనం మర్చిపోయిన ఒక పాత జన్మలో, విశ్వాసం కోల్పోయి ప్రాణం పోయే స్థితిలో ఉన్న అతన్ని మనమే నిలబెట్టాం. బదులుగా ‘నువ్వు చచ్చేదాకా నీ సేవలో ఉంటా’నని అతను మాటిచ్చాడు. మనకేమో చావు రాదు! సాయం చేసిన ఆ పాత ‘నేను’ చేసింది జాలితో కూడా కాదు, అతని చేతిలో ఉన్న అరుదైన కత్తి తనకి పనికొస్తుందని. కాలేజీ నుండి రాగానే రెండేళ్ల సర్వీసు బాండు మీద సంతకం పెట్టినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. డాకాన్ రాసిచ్చింది ముగింపు తేదీ లేని బాండు. పైకి చూస్తే అతని లాయల్టీ మీటరు నిండా ఉన్నట్లే. లోపలేమో బానిసత్వం.

ఇప్పుడు అలిస్టర్ దగ్గరకొద్దాం. అసలు మనిషి అతనే.

‘ఆరిజిన్స్’ కథలో మనమూ అతనూ గ్రే వార్డెన్లనే దళంలో కొత్తగా చేరినవాళ్లం. మొదట్లోనే ఓస్టగార్ అనేచోట పెద్ద యుద్ధం. అక్కడ సేనాపతి లోగేన్ తన రాజుని, మన దళాన్ని శత్రువుల మధ్య వదిలేసి సైన్యంతో వెనక్కి వెళ్లిపోతాడు. రాజు చచ్చిపోతాడు. అలిస్టర్ తండ్రిలా చూసుకునే డంకన్ కూడా అక్కడే చచ్చిపోతాడు. అక్కణ్నుంచి ఆటంతా అలిస్టర్ మన పక్కనే. జోకులేస్తాడు, వంట తగలబెడతాడు, నిర్ణయాలు మనకే వదిలేస్తాడు. రాజు కొడుకే అయినా రాజ్యం అక్కర్లేదంటాడు. ఇంత మెత్తటి మనిషి మరొకడు జట్టులో లేడు. నలభై గంటలు ఆడేసరికి అతని అంకె వంద. బహుమతులు కూడా అక్కర్లేదు.

చివర్లో సామంతుల సభ. లోగేన్ ఓడిపోయి మన కాళ్ల ముందు మోకరిల్లుతాడు. అలిస్టర్ అతని తల అడుగుతాడు. సరిగ్గా అప్పుడే రియర్డన్ అనే పెద్ద వార్డెన్ ఓ మాటంటాడు: చంపేబదులు ఇతన్ని మన దళంలో చేర్చుకోవచ్చుగా, మనకి మనుషుల్లేరు. నిజమే. దేశం మొత్తానికి మిగిలిన వార్డెన్లు ముగ్గురు. ఆ రాక్షస డ్రాగన్‌ని చంపటం వార్డెన్ల వల్లే అవుతుంది. లోగేన్ ఎంత ద్రోహైనా గట్టి యోధుడు. రిసోర్సుల కొరతలో ఉన్న ఏ ప్రాజెక్టు మేనేజరైనా ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. లోగేన్‌ని బతికించాను.

అలిస్టర్ వెళ్లిపోయాడు.

వెళ్లిపోవటమంటే, కాసేపు అలిగి వచ్చే రకం కాదు. డంకన్‌ని చంపినవాడి పక్కన నిలబడనన్నాడు, జట్టు వదిలాడు, ఇక రాలేదు. కొన్ని దారుల్లో అతన్ని రాజుని చెయ్యొచ్చు, అయినా మన వెంట మాత్రం నడవడు. కొన్ని దారుల్లో దేశం వదిలిపోయి తాగుబోతవుతాడు. 2011లో వచ్చిన రెండో భాగంలో ఓ సారా కొట్లో ఆ అవతారంలో కనపడతాడు కూడా. నేను పాత సేవ్ తెరిచి, ఉన్న డైలాగులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాను. బతిమాలాను, వాదించాను, గద్దించాను. నీలం అక్షరాలు లేవు. వందకి వందున్నా లేవు. ఆ వందని అక్కడ ఎవరూ అడగనే అడగరు.

మొదట బగ్గేమో అనుకున్నాను. కాసేపటికి తట్టింది, ఆ వంద దేనికి మార్కులో. నేను అలిస్టర్‌కి చేసినవాటికి. అతను వెళ్లిపోయింది నేను అతనికేదో చేశానని కాదు. డంకన్‌కి జరగాల్సిన న్యాయం జరగలేదని. ఖాతా పుస్తకంలో ఇద్దరి పేర్లే ఉంటాయి. మూడో మనిషి పద్దు రాసుకునే గడి అందులో లేదు.

ఇది నాకు ఆటలోనే తెలిసొచ్చిందంటే అబద్ధం. అంతకు ముందు ఒక కంపెనీలో నాకో మేనేజరు ఉండేవాడు. పేర్లొద్దు. నన్ను సపోర్టు ప్రాజెక్టు ఊబిలోంచి పైకి లాగి డెవలప్‌మెంట్లో వేసింది ఆయనే. మా నాన్నకి గుండె ఆపరేషనైనప్పుడు, ఇంటి నుండి పని అన్న మాటే వినపడని రోజుల్లో, రెండు నెలలు నన్ను ఊళ్లో ఉండనిచ్చాడు. పైవాళ్లకి ఏం సర్దిచెప్పాడో ఈనాటికీ తెలియదు. అలాంటి మనిషి ఒకరోజు నన్ను పిలిచి, బెంచి మీదున్న నలుగురు పిల్లలు మన క్లయింటు పనిలోనే ఉన్నట్లు టైమ్‌షీట్ల మీద లీడుగా నా ఆమోదం పెట్టమన్నాడు. ఆ పిల్లలకి సంగతి తెలియదు. క్లయింటుకి అసలే తెలియదు. నేను పెట్టనన్నాను. ఆయన అరవలేదు. సరే, ఇంకొకరి చేత పెట్టిస్తాలే అన్నాడు, పెట్టించాడు కూడా. వారం తర్వాత నేను రాజీనామా ఇచ్చాను. అప్పుడు కూడా కోప్పడలేదు. “నీకు నేనేం తక్కువ చేశాను నాన్నా?” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆయన నాకేమీ తక్కువ చెయ్యలేదు. ఆయన చేతిలో ఉన్న పుస్తకం ప్రకారం నేను వట్టి కృతఘ్నుణ్ని, ఆ పుస్తకంలో తప్పేమీ లేదు కూడా. అలిస్టర్ వెళ్లేటప్పుడు నేను తెర ముందు కూర్చుని సరిగ్గా అదే అడగబోయాను: నీకేం తక్కువ చేశానురా? ఏటా ఉగాదికి ఆయనకి మెసేజ్ పెడతాను. చూసినట్లు నీలం టిక్కులు పడతాయి. అంతే.

రామాయణంలో పిడకల వేట అంటారుగానీ, ఈ పిడకల వేటలోకి కాస్త రామాయణం రాక తప్పదు. రావణుడికి ఇద్దరు తమ్ముళ్లు. సీతని తేవటం తప్పని ఇద్దరూ మొహం మీదే చెప్పారు. విభీషణుడు చెప్పి, వినకపోతే నలుగురు అనుచరులతో లేచెళ్లిపోయాడు. కుంభకర్ణుడు నిద్రలేచి, అన్నకి గడ్డిపెట్టి, ఆ తర్వాత అదే అన్న కోసం వెళ్లి యుద్ధంలో చచ్చాడు. మనవాళ్ల లెక్క చూడండి: ధర్మం పక్కకి వెళ్లినవాడికి ‘ఇంటి గుట్టు లంకకి చేటు’ అన్న సామెత మిగిలింది. ఎవరింట్లోనూ కొడుక్కి విభీషణుడని పేరు పెట్టగా నేను చూడలేదు. కర్ణుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అంగరాజ్యమనే బహుమతితో అంకె వందకి చేరిపోయినవాడు. సభలో ద్రౌపదికి జరిగినదాంట్లో తనూ చెయ్యేసినా, మిత్రుణ్ని వదల్లేదన్న ఒక్క గుణానికి మనం నీరాజనాలు పడతాం. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో రామారావు కర్ణుడూ, దుర్యోధనుడూ, కృష్ణుడూ మూడూ తానే వేస్తే, జనానికి ఎక్కువ నచ్చిన జంట ఏదో వేరే చెప్పాలా? మూడో మనిషి పద్దు మన గడుల్లోనూ లేదు.

నేను విభీషణుడి పక్షమని తేల్చెయ్యటం కూడా తేలికేం కాదు. కుంభకర్ణుడిలో ఏదో ఉంది. ఒక ఆట రాసేవాడెవడైనా ఇద్దర్నీ ఒకే జట్టులో పెట్టి, ఏ నీలం అక్షరాలూ లేకుండా, నన్ను రావణుడి కుర్చీలో కూర్చోబెడితే ఎంత డబ్బన్నా పోసి కొంటాను.

కొత్తవాటిలో దీనికి కాస్త దగ్గరగా వచ్చింది 2023 నాటి ‘బాల్డర్స్ గేట్ 3’. శరణార్థులున్న వనాన్ని మనం దోచుకుంటే విల్, కార్లాక్ ఇద్దరూ గుడ్ బై చెబుతారు. వాళ్లకి మనం అప్పటిదాకా ఏం చేశామన్నది లెక్కలోకి రాదు. షాడోహార్ట్ అనే ఆమె కథైతే మరీ బాగుంది. తన దేవత ఆజ్ఞ ప్రకారం కట్టుబడి ఉన్న ఒక బందీని చంపాల్సిన ఘట్టం. చంపొద్దని నువ్వు వాదించొచ్చు, పాచికలు వెయ్యొచ్చు. ముందునుంచీ ఆమె నమ్మకం సంపాదించుకుని ఉంటే, నీ ఇష్టమని వదిలేసినా ఆమే ఈటె అవతల పడేస్తుంది. ఇక్కడ కూడబెట్టిన పాయింట్లు ఆమె మనసు మార్చటానికి కాకుండా, మనం నోరు మూసుకుని పక్కకి తప్పుకోవటానికి పనికొచ్చాయి. ఆ ఐడియా ఎవరికొచ్చిందోగానీ చల్లగా ఉండాలి.

‘ఆరిజిన్స్’ ఇప్పటికి నాలుగుసార్లు పూర్తిచేశాను. ఒక్కసారి లోగేన్ తల అలిస్టర్‌కే అప్పగించాను, చివరిదాకా పక్కనే ఉన్నాడు, జోకులేస్తూనే ఉన్నాడు. మిగతా మూడుసార్లూ లోగేన్‌నే బతికించాను. ద్రోహైనా సరే, ఆఖరి పోరులో ప్రాణమిచ్చే అవకాశం అతనికివ్వాలనిపిస్తుంది. మా తమ్ముడు మాత్రం ఎన్నిసార్లు ఆడినా మొదటి క్షణంలోనే తల తీయిస్తాడు, రెండో ఆలోచన లేదు. వాడూ సాఫ్ట్‌వేరే, ఒకే కంపెనీలో పదహారేళ్లుగా ఉన్నాడు. “ఆ ముసలాడి కోసం ఫ్రెండుని వదులుకోవటమేంట్రా, నీకు మొదట్నుంచీ ఇదే జబ్బు” అంటాడు నాతో. సంక్రాంతికి ఊళ్లో కలిసినప్పుడు ఈ గొడవ ఎలాగూ ఉంటుంది.